పక్కింటి చుక్క

అమీర్‌పేట మెట్రో దిగి మా సందులోకి మలుపు తిరిగేచోట ఒక కోచింగ్ సెంటర్ హోర్డింగ్ ఉంది. మెడలో ట్యాగులు వేసుకుని నవ్వే నలుగురు కుర్రాళ్ళు, వాళ్ళ పక్కన కోర్సుల పేర్లు, వాటన్నిటి మీదా పడే ఫ్లడ్‌లైట్లు. ఈ అయిదు నెలలుగా నేను ఆఫీసు నుంచి పది దాటాకే వస్తున్నాను. ఈ జనవరిలో ఒకరోజు పని త్వరగా తెమిలి, ఎనిమిదింటికల్లా ఆ మలుపు దగ్గరికి వచ్చాను. నేను దాని కిందుగా నడుస్తుంటే ఆ లైట్లు ఒక్కసారిగా ఆరిపోయాయి. కరెంటు పోలేదు. పక్కన ఫోన్ కవర్ల దుకాణం వెలుగుతూనే ఉంది. మిర్చి బండి మీద బల్బు వెలుగుతూనే ఉంది. ఆ నలుగురు కుర్రాళ్ళు మాత్రం చీకట్లో కలిసిపోయారు.

గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు.

"ఏంటి భాయ్, ఇంకా ఆపుతున్నారా?" అన్నాను.

"అన్న చెప్పిండు కద సార్."

"అన్న పోయి అయిదు నెలలైంది కదా."

"ఆపుమని చెప్పిండు. ఇగ ఆపకు అని ఎవ్వరు చెప్పలే," అన్నాడతను, అందులో వింతేమీ లేనట్టు. "ఆడ ప్రార్థన అయినంక మల్ల వేస్త."

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. రెండేళ్ళ కిందట అదే కోచింగ్ సెంటర్ మేనేజరుకి నేను ఒక మెయిల్ రాశాను. ఆకాశం వైపు తిరిగిన లైట్ల వల్ల కలిగే నష్టాలు, వాటిని కిందికి వంచితే ఆదా అయ్యే కరెంటు, వంచే విధానం, అన్నీ అంశాలవారీగా, ఒక బొమ్మతో సహా. జవాబు రాలేదు. అన్న మాత్రం ఒక సాయంత్రం ఈ వాచ్‌మన్ ముందు బైకు ఆపి, హెల్మెట్ కూడా తీయకుండా, "భాయ్, మా అమ్మ ప్రార్థన చేసుకునేటప్పుడు గీ లైట్లు జర బంద్ పెట్టరాదు, కండ్లల్ల పడ్తున్నయ్," అన్నాడు. ఆ రోజు నుంచీ ఆరుతున్నాయి. బతికున్న నా మెయిలుకి ఆరని లైట్లు, పోయిన మనిషి మాటకి ఇప్పటికీ ఆరుతున్నాయి. ఆ మలుపులో నిలబడి నేను పడింది అసూయ. ఆయన విషయంలో నాకు బాగా అలవాటైన భావం అదే.

ఆయనా నేనూ కలిసి చూసింది ఒకే ఒక నక్షత్రాన్ని. అది మిథున రాశిలో ఉంటుంది. దానికి పేరంటూ లేదు. ఒక అక్షరం, దాని వెనక రాశి పేరు, అంతే. ఎర్రటి దైత్య నక్షత్రం. సూర్యుణ్ణి తీసి అక్కడ దాన్ని పెడితే భూమిదాకా వచ్చేస్తుంది. అంత పెద్దదీ మనకి ఉన్న దూరం వల్ల మామూలు కంటికి అసలు ఆనదు. పైగా దాని వెలుగు స్థిరం కాదు. ఏడాదికి కాస్త పైచిలుకు కాలంలో ఒకసారి వెలుగుతుంది, ఒకసారి కుంగిపోతుంది. ఆ కాలం మన ఏడాదికి అంత దగ్గరగా ఉండటం వల్ల ఒక చిక్కొచ్చిపడింది. అది వెలిగే రోజులు ఇప్పుడు వానాకాలంలో పడుతున్నాయి. అప్పుడు అది పొద్దు వెనకో మబ్బుల వెనకో ఉంటుంది. మా ఊరి ఆకాశం తేటపడే చలికాలానికి అది అడుగుకి దిగుతూ ఉంటుంది. ప్రతి ఏడూ అంతే.

"మనకు ఎప్పుడు గీ బీమారు మొకమే చూపెడ్తడు పెద్దాయన," అనేవాడు. ఆ నక్షత్రాన్ని ఆయన పెద్దాయన అనే పిలిచేవాడు.

పంజాగుట్టలో ఉండే ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, మేము మేడమ్ అని పిలిచే ఆవిడ, ఇలాంటి నక్షత్రాలను కంటితో అంచనా వేసే చిన్న బృందాన్ని నడుపుతారు. పని సులువుగానే ఉంటుంది. వెలుగు ఎంతో ముందే తెలిసిన చుక్కలు చార్టులో ఉంటాయి. మన నక్షత్రం వాటిలో దేనికన్నా మసక, దేనికన్నా కాంతివంతం అని పోల్చి ఒక సంఖ్య చెప్పాలి. సంఖ్య పెద్దదయ్యేకొద్దీ చుక్క మసక అని అర్థం. చుక్క కనిపించకపోతే ఆ సంగతే రాయాలి. ఆ బృందంలోనే ఆయన నాకు పరిచయం. నా హాస్టల్ మిద్దె మీద ఆరేసిన దుప్పట్లూ నీళ్ళ ట్యాంకులూ తప్ప టెలిస్కోప్‌కి చోటు లేదని ఎవరికో చెబుతుంటే విని, "మా ఇల్లు రెండు సందుల అవతలే. మా మిద్దె మీద పెట్టు. మా అమ్మ చాయ్ సుత పోస్తది," అన్నాడు. అప్పటికి ఆయనకి నా పేరు కూడా తెలియదు. తర్వాత తెలిసినా వాడలేదు. చివరిదాకా నేను ఇంజినీర్ సాబ్‌నే.

ఆయన మెడికల్ రిప్రజెంటేటివ్. పంజాగుట్టలోని పెద్ద ఆసుపత్రుల చుట్టూ బ్యాగు మోస్తూ తిరగడం ఆయన ఉద్యోగం. సాయంత్రానికి టై విప్పి జేబులో కుక్కుకునేవాడు. దాని కొస బయటికి వేలాడుతుండేది. టెలిస్కోప్ నాది. మొదటి ఉద్యోగంలో దాచుకుని కొన్న ఎనిమిది అంగుళాల అద్దం. చార్టులు నావి. ఎర్ర టార్చి నాది. మడత కుర్చీలు నావి. ఆయన తెచ్చుకునేది కళ్ళు మాత్రమే. నా జబ్బంతా అక్కడే మొదలైంది.

ఆ కళ్ళలో కూడా ఒకదాన్నే పనికి పెట్టేవాడు. ఇంటికి రాగానే కుడి కన్ను మీద అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు, అది చీకటికి అలవాటుపడాలని. ట్యూబులైట్ల హాల్లోంచి, టీవీ ముందు నుంచి, వంటింట్లోంచి ఒంటికంటితోనే తిరుగుతూ చాయ్ కప్పు అందుకుని మెట్లెక్కేవాడు. దారిలో కుర్చీలకి తగిలేవాడు.

"మల్ల వచ్చిండమ్మా ఒంటికన్ను దొర," అనేది వాళ్ళమ్మ. "ప్రార్థనకు రాక పైకి పోయి దేవుని దీపాలు లెక్కపెడ్తవా?"

"గీ కన్ను డ్యూటీల ఉందమ్మ. దీన్ని పలకరియ్యకు."

"మరి రెండో కన్నన్న ప్రార్థనకు పంపు."

"నీ పాట పైకి సుత మంచిగ ఇనబడ్తది గదనే."

వినబడేది నిజమే. ఆ ఇంట్లో ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన, మిద్దెకి ఎదురుగా కనిపించే ఆ హోర్డింగ్ ఆరేదీ అప్పుడే. ముందు ఒక పాట, తర్వాత వాళ్ళమ్మ చేసే ప్రార్థన. ఆ ప్రార్థనలో బంధువులు, వీధిలోవాళ్ళు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు, దూర ప్రయాణాల్లో ఉన్నవాళ్ళు అందరూ వరసగా వస్తారు కాబట్టి అది చాలాసేపు సాగేది. కింద పాట మొదలవగానే మిద్దె మీద ఆయన వాళ్ళమ్మ శాలువా తలమీదుగా కప్పుకుని గుడారంలా కూర్చునేవాడు. శాలువాలోంచి మంద్రంగా ఆయన గొంతు పాటతో కలిసేది. పాట అయ్యేదాకా బయటికి వచ్చేవాడు కాదు. ప్రార్థన మొదలవగానే లేచి, కంటిని టెలిస్కోప్‌కి ఆనించి, ఒక చూపు చూసి, తీసి, మళ్ళీ ఒక చూపు చూసి, పక్కకి జరిగేవాడు. ఎర్ర చుక్కని తదేకంగా చూస్తే అది కంట్లో పేరుకుని ఉన్నదానికన్నా వెలుగుగా అనిపిస్తుంది. ఆ సంగతి నేను చదివి తెలుసుకున్నాను. ఆయనకి చదవాల్సిన అవసరం రాలేదు. నేను ఫోన్లో టైమర్ పెట్టుకుని, తెర మీద ఎర్ర కాగితం అతికించుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాణ్ణి. శాలువా అంతా నాటకమనుకునేవాణ్ణి.

ఒకరు చూశాక రెండోవాళ్ళు చూసేదాకా నోరు తెరవకూడదన్నది మిద్దె మీది నియమం. "ఆహా" అనడానికి కూడా వీల్లేదు. ఒకరి మాట చెవిన పడితే రెండోవారి కన్ను దానివైపే మొగ్గుతుంది. ఇద్దరం చూశాక చేతులు వెనక్కి పెట్టుకునేవాళ్ళం. ఆయన "ఒకటి, రెండు, మూడు" అనేవాడు, ఇద్దరం ఒకేసారి వేళ్ళు చూపేవాళ్ళం. నక్షత్రం పదకొండు దగ్గర ఉన్న రోజుల్లో ఆ తర్వాత వచ్చే దశాంశమే వేళ్ళ లెక్క. మూడు వేళ్ళంటే పదకొండు పాయింట్ మూడు. కనిపించకపోతే పిడికిలి.

నాకు కావలసింది ఒక్కటే. పెద్దాయన అడుగుకి దిగిపోతుంటే, ఆయన పిడికిలి చూపించిన ఒక్క సాయంత్రం నేను వేళ్ళు చూపించాలి. ఆయనకన్నా ఒక్కరోజు ఎక్కువ నాకు కనిపించాలి. అది నా టెలిస్కోప్. అడగడానికి నాకు హక్కుందనిపించేది.

జరిగేది దానికి తిరగేసి. నేను ముందు పిడికిలికి వచ్చేవాణ్ణి. ఆయన ఇంకా వారాలపాటు వేళ్ళు విప్పుతూనే ఉండేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, మీరేమైనా మందులు వాడతారా కళ్ళకి? విటమిన్లూ అవీ?"

ఆయన బ్యాగు తెరిచి ఒక శాంపిల్ స్ట్రిప్ నా చేతిలో పెట్టాడు. "తీస్కో. ఏం నష్టం లేదు, ఏం ఫాయిదా లేదు. నేనే అమ్ముత గద, నాకు తెల్వదా?"

"మరి మీకెలా కనిపిస్తోంది?"

"నువ్వు సూటిగ చూస్తవు భాయ్. డాక్టర్ ముంగట కూసొని ఆయన మొకంల సూటిగ చూస్తే, 'శాంపిల్ ఆడ పెట్టిపో' అంటడు. గోడ మీద క్యాలెండర్ చూసుకుంట కూసో. జరసేపటికి ఆయనే 'ఏం తెచ్చినవయ్యా?' అంటడు. సుక్క సుత గంతే. నువ్వు క్యాలెండర్ చూడు."

మసక చుక్కని చూడాలంటే చూపు కాస్త పక్కకి పెట్టాలని నాకూ తెలుసు. కంటి మధ్యభాగం వెలుతురులో పనిచేసేది, అంచులు చీకట్లో పనిచేసేవి. కారణాలతో సహా చెప్పగలను. కాని చుక్క ఉండాల్సిన చోటు తెలిసీ దాన్ని చూడకుండా ఉండటం నా వల్ల అయ్యేది కాదు. నేను ఆ స్ట్రిప్‌లోని గోలీలన్నీ వాడాను.

పోయిన చలికాలం సంగతి ఇప్పుడు చెప్పాలి. డిసెంబరు మధ్యకే నాది పిడికిలి అయిపోయింది. ఆయనవి ఎనిమిది వేళ్ళు. పదకొండు పాయింట్ ఎనిమిది. కొత్త సంవత్సరం వచ్చింది. నాది పిడికిలి, ఆయనవి ఎనిమిది వేళ్ళు. మేడమ్ గ్రూపులో మెసేజ్ పెట్టారు: ఈ దశలో ఊరి నడిబొడ్డు నుంచి ఆ నక్షత్రాన్ని పట్టుకోవడం మామూలు విషయం కాదు, కొత్తగా చేరినవాళ్ళు ఆయన దగ్గర కూర్చుని నేర్చుకోండి అని. కూర్చునే చోటు, కుర్చీ, టెలిస్కోప్ ఎవరివో ఆ మెసేజ్‌లో లేదు.

ఫిబ్రవరి వచ్చినా ఎనిమిది వేళ్ళే.

అప్పుడు నాకు మెలకువ వచ్చింది. ఈ దశలో నక్షత్రం దిగుతూ ఉండాలి. ఒకచోట నిలబడకూడదు. ఇంకా సన్నని చుక్కలు చూపించే చార్టు ఒకటి సంపాదించాను. మేము వాడే చార్టులో లేని ఒక చుక్క అందులో ఉంది. పెద్దాయనని దాదాపు ఆనుకునే ఉంది. పెద్దాయన వెలుగులో ఉన్నప్పుడు ఈ చుక్క ఆ కాంతిలో కలిసిపోతుంది. ఆయన కుంగిపోయాక అదొక్కటే అక్కడ మిగులుతుంది, ఆయనే అనిపించేటంత దగ్గరలో. దాని వెలుగు పదకొండు పాయింట్ ఎనిమిది. ఎన్నటికీ మారదు.

ఆ సాయంత్రం హాస్టల్లో చపాతీలు గట్టిగా ఉన్నా ఎప్పుడూ తిననన్ని తిన్నాను.

నెలకొక ఆదివారం మేము పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర ఒక ఇరానీ హోటల్లో కలిసేవాళ్ళం. మేడమ్ ముందే వచ్చి మూల టేబుల్ పట్టేవారు. ఆయన చర్చి నుంచి నేరుగా తెల్ల చొక్కాతో వచ్చేవాడు. కౌంటర్ దాకా వెళ్ళేలోపు ఇద్దరు ముగ్గురు "ఏమన్నా" అని పలకరించేవారు. నేను అయిదేళ్ళుగా ఆ హోటల్‌కి వెళ్తున్నా నన్ను అక్కడ ఎవరూ ఏమన్నా అని అడగలేదు. ఆ రోజు ఆయన ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు తెచ్చి టేబుల్ మీద పెట్టగానే, నేను ప్లేటు పక్కకి జరిపి నా ప్రింట్లు పరిచాను.

"నాలుగు విషయాలున్నాయి మేడమ్," అన్నాను. ఒకటి, ఈ దశలో నక్షత్రం నిలబడకూడదు. రెండు, ఈ అంచనాలు రెండు నెలలుగా నిలబడే ఉన్నాయి. మూడు, పక్కనే మా చార్టులో లేని చుక్క ఉంది. నాలుగు, దాని వెలుగు ఇంత. నాలుగోది చెప్పేటప్పుడు మేడమ్ వైపు కాదు, ఆయన వైపు చూశాను.

ఆయన బిస్కెట్ చాయ్‌లో ముంచి అలాగే పట్టుకుని వింటున్నాడు. అది నాని, తెగి, కప్పులో పడిపోయింది.

"అరె," అన్నాడు. కాగితం దగ్గరికి లాక్కుని చూశాడు. తర్వాత పక్క టేబుల్ వాళ్ళు తిరిగి చూసేలా నవ్వాడు. "అరె భాయ్! పెద్దాయన ఎప్పుడో తలుపేసుకొని పన్నడు. నేను రోజు పోయి పక్కింటోనికి నమస్తే పెట్టొస్తున్న!"

"అంటే డిసెంబరు నుంచీ ఉన్నవన్నీ..." అని మేడమ్ మొదలుపెట్టారు.

"అన్ని గల్లంతే మేడమ్. కొట్టేయండ్రి." అప్పటికే ఫోన్ తీశాడు. చెంచాతో కప్పులోని బిస్కెట్ వెతుక్కుంటూనే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అందరికి నమస్తే. డిసెంబర్ల కెళ్ళి నేను పంపినయన్ని తప్పు. నేను చూసింది పెద్దాయన్ను కాదు, పక్కింటోణ్ణి. మన ఇంజినీర్ సాబ్ పట్టుకున్నడు. ఆయనకు చాయ్ నా దిక్కు నుంచి."

నేను ఊహించుకున్న దృశ్యంలో ఆయన వాదిస్తాడు. నేను అయిదో కాగితం తీస్తాను. దానిలో గ్రాఫ్ ఉంది. ఆ కాగితం నా బ్యాగులోనే ఉండిపోయింది.

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్నో ఏళ్ళుగా ఈ పని చేయిస్తున్నాను," అన్నారు. "తన అంచనాలు తనే ఇలా నవ్వుతూ కొట్టేసుకున్నవాళ్ళని నేను చూడలేదు. అబ్జర్వర్ అంటే ఇలా ఉండాలి." తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు కూడా బాగా పట్టావు నాన్నా."

ఆ 'కూడా' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తప్పు చేసింది ఆయన, పట్టింది నేను, పేరు మళ్ళీ ఆయనకే.

అది అక్కడితో అయినా బాగుండేది. బయటికి వచ్చాక ఫ్లైఓవర్ నీడలో బైకు తీస్తూ ఆయన ఆగాడు. మీద బస్సులు పోతుంటే ఆ చప్పుడులో గొంతు పెంచి అడిగాడు.

"ఒక్క ముచ్చట చెప్పు ఇంజినీర్ సాబ్. పక్కింటోడు నీకు ఏడ కనబడ్డడు?"

"చార్టులో అన్నా."

"చార్ట్‌ల సరే. టెలిస్కోప్‌ల?"

నేను బ్యాగు జిప్పు సరిచేసుకున్నాను.

"ఒక్కనాడు సుత కనబడలే?"

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. వెటకారమైతే కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

"ఫికర్ చెయ్యకు, కనబడ్తడు," అన్నాడు హెల్మెట్ పెట్టుకుంటూ. "కండ్లు మంచియే నీయి. జర ఆత్రం ఎక్కువ."

నేను పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా నడిచి వచ్చాను. దారి పొడుగునా ఒకటే లెక్క. ఆ పొరపాటు ఎవరైనా చేయాలంటే ముందు ఆ పక్క చుక్క కనిపించాలి. అది నాకు ఏ రోజూ కనిపించలేదు. అంటే నేను ఒప్పుగా ఉన్నది నా జాగ్రత్త వల్ల కాదు. పెద్దాయన కనిపించలేదు, పక్కింటివాడూ కనిపించలేదు, కాబట్టి పిడికిలి చూపించాను. తప్పు చేసేటంత చూపు నాకు లేదు. మనిషి గెలుపు చూసి కుళ్ళుకునేవాళ్ళు ఉంటారు. తప్పు చూసి కుళ్ళుకున్నవాడు ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు.

ఆ తర్వాత చలికాలం ముగిసేదాకా మిద్దె మీద ఇద్దరివీ పిడికిళ్ళే. కాని ఆయన పిడికిలి ఊరికే ఉండేది కాదు. "పెద్దాయన లేడు," అనేవాడు. "పక్కింటోడు మాత్రం సలామత్. నిన్ను అడిగిండు." నేను మళ్ళీ వెళ్ళి కన్ను ఆనించేవాణ్ణి. నల్లటి ఖాళీ తప్ప ఏమీ ఉండేది కాదు.

ఆగస్టులో ఆయనకి జ్వరం వచ్చింది. డెంగీ. తను రోజూ బ్యాగు మోసుకు తిరిగే ఆసుపత్రుల్లోనే ఒకదానిలో చేర్చారు. నేను చూడటానికి వెళ్ళేసరికి ఒక చేతికి సెలైన్, రెండో చెయ్యి కుడి కంటి మీద. ట్యూబులైటు సూటిగా పడుతోందన్నాడు. మంచం పక్కన ఇద్దరు డాక్టర్లు నిలబడి మాట్లాడుతున్నారు. వాళ్ళు వెళ్ళాక నావైపు చూసి కనుబొమ్మలెగరేశాడు.

"చూసినవా? ఇన్నేండ్లు వీళ్ళ తలుపుల కాడ నేను కూసున్న. ఇప్పుడు వాళ్ళే దినానికి రెండుసార్లు వస్తుండ్రు. నేను క్యాలెండర్ చూసుకుంట పండుకున్న."

నేను నవ్వలేకపోయాను. పెదాలు పగిలి ఉన్నాయి ఆయనకి.

"పెద్దాయన ఎట్లున్నడు?"

"ఇప్పుడు బాగా వెలుగులో ఉండి ఉంటాడన్నా. కాని మబ్బులు కదా."

"మనం చూడనప్పుడే కోలుకుంటడు ఆయన," అన్నాడు. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "కానీ తీ. చలికాలం వస్తది గద. ఈసారి నీకు పక్కింటోణ్ణి చూపెడ్త. నా జిమ్మ."

రెండు రోజుల తర్వాత పోయాడు. సమాధుల తోటలో ఆ ఇద్దరు డాక్టర్లూ ఉన్నారు, మిర్చి బండి అతనూ, ఈ వాచ్‌మనూ, ఇరానీ హోటల్ కౌంటర్ మనిషీ ఉన్నారు. మేడమ్ వానలో గొడుగు మర్చిపోయి నిలబడ్డారు. అక్కడ కూడా, మట్టి వేస్తూ, నాకు ఇంతమంది వస్తారా అని అనుకున్నాను. ఆ మనిషి పక్కన నా బుద్ధి ఎప్పుడూ ఆ దారినే పోయేది.

టెలిస్కోప్ వాళ్ళ మిద్దె మీదే, టార్పాలిన్ కింద ఉండిపోయింది. తెచ్చుకోవడానికి వెళ్ళాలంటే మెట్లు ఎక్కాలి. వాయిదా వేస్తూ వచ్చాను. హోర్డింగ్ ఆరడం చూసిన మర్నాడు వెళ్ళాను.

వాళ్ళమ్మ తలుపు తీసింది. "డబ్బ తీస్కపోతందుకు వచ్చినవా నాయినా?" అంది.

"లేదాంటీ. ఒకసారి చూద్దామని."

ఆవిడ నా మొహంలోకి చూసి లోపలికి వెళ్ళి శాలువా తెచ్చింది. "పైన సలి ఉంటది. కప్పుకో," అంది. "మెట్ల కాడ కుర్చీ ఉంది, జర చూసుకొని పో. వాడు రోజు తగులుతుండె."

టార్పాలిన్ తీసి, అద్దం దుమ్ము ఊది, మిథున రాశి వైపు తిప్పి, చార్టు ప్రకారం చోటు కుదిర్చాను. ఎదురుగా హోర్డింగ్ ఆరిపోయింది. కింద పాట మొదలైంది. నేను టైమర్ పెట్టలేదు. శాలువా తలమీదుగా కప్పుకుని కూర్చున్నాను. లోపల దట్టమైన చీకటి, కర్పూరం వాసన, ఆవిడ తలనూనె వాసన. పాటలో ఒక గొంతు తక్కువైంది. ఏ గొంతో వెతుక్కోనక్కర్లేదు. ఆ మంద్రస్వరం ఉండాల్సిన చోట ఖాళీ తెలుస్తూనే ఉంది. పాట నాకు రాదు. అయినా అది అయ్యేదాకా కదలలేదు.

ప్రార్థన మొదలయ్యాక లేచి కన్ను ఆనించాను. పెద్దాయన ఉండాల్సిన చోటు నాకు తెలుసు. అటు చూడలేదు. కింద ఆవిడ ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళ పేర్లు చెబుతుంటే, ఆ పేర్లు వింటూ, చూపు ఎటో పక్కన ఏమీ లేని చోట పెట్టుకుని నిలబడ్డాను. మెట్రో ఒకటి పోయింది. రెప్ప వేసి తెరిచాను. ఒక చుక్క వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చి, ఈసారి నిలబడింది. సూది మొనతో గుచ్చినంత. పెద్దాయన ఉండాల్సిన చోటుకి వెంట్రుకవాసి పక్కన.

పక్కింటివాడు.

సంతోషం వచ్చింది. దాని వెనకే రెండోదీ వచ్చింది. ఆయన దీన్ని చార్టు లేకుండా, ఉందని తెలియకుండా, నవ్వుతూ చూశాడు. నాకు ఇన్నాళ్ళు పట్టింది. అదీ ఆయన కప్పుకునే శాలువాలో, ఆయన మిద్దె మీద, ఆయన ఆర్పించిన లైట్ల పుణ్యమా అని, వాళ్ళమ్మ ప్రార్థన సాగినంతసేపట్లో. మొత్తంలో నా సొంతం టెలిస్కోప్ ఒక్కటే.

పెద్దాయన మాత్రం ఎక్కడా లేడు. కాబట్టి ఆ సాయంత్రానికి సరైన జవాబు పిడికిలి. ఆ సంగతి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

టెలిస్కోప్ దగ్గర నుంచి పక్కకి జరిగి, అన్నకి చోటు వదిలి నిలబడ్డాను. రెండోవాళ్ళు చూసేదాకా నోరు తెరవకూడదు. చేతులు వెనక్కి పెట్టుకుని, ఎనిమిది వేళ్ళు విప్పాను.

కింద ప్రార్థన దూర ప్రయాణాల్లో ఉన్నవాళ్ళ దాకా వచ్చి, ముగిసింది. ఎదురుగా ఫ్లడ్‌లైట్లు వెలిగాయి. నలుగురు కుర్రాళ్ళూ మళ్ళీ నవ్వుతున్నారు. నా చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.